మొదటి ఐదుగురిలో

ఎడమ చీలమండకు నాలుగు చుట్లు, కుడిదానికి మూడు. టేపును పళ్ళతో తెంపి, కొసను బొటనవేలితో అదిమి, మంచం అంచున కూర్చున్న డెలియో కాలు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆటగాళ్ళకు టేపు చుట్టడానికి జట్టులో జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఉన్నాడు. కానీ ఆయన ముందు ఆడేవాళ్ళకు చుడతాడు, తర్వాత వాళ్ళ బదులు దిగేవాళ్ళకు చుడతాడు. బెంచీ చివర కూర్చునేవాడి వంతు వచ్చేసరికి బయట బస్సు హారన్ కొడుతూ ఉంటుంది. అందుకని బాస్కెట్‌బాల్ లీగులోకి వచ్చిన మొదటి ఏడే డెలియో తన కాళ్ళకు తనే చుట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇది పద్నాలుగో ఏడు.

పూర్తి పేరు రొడెలియో సుమందే. ముప్ఫై ఏడేళ్ళు. ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. మా దీవుల్లో అంత ఎత్తు మనిషి వీధిలో నడిస్తే పిల్లలు వెంటపడతారు, ముసలమ్మలు ఆగి మరీ చూస్తారు. అయితే రింగు కింద నిలబడి ఏడడుగుల వాళ్ళను ఆపాల్సి వచ్చినప్పుడు ఆ ఎత్తు ఏ మూలకూ చాలదు. కుడిచేతి ఉంగరపు వేలు విరిగి, అతుక్కోవడం మాత్రం బయటికి వంకరగా అతుక్కుంది. ఎడమ కనుబొమను రెండు ముక్కలు చేస్తూ తెల్లటి గాటు ఒకటి. పైవరసలో రెండు కట్టుడు పళ్ళు. మోకాళ్ళ మీద ఆపరేషన్ల గీతలు. ఇవన్నీ ఎవరో ఒకరి మోచేయి పుణ్యమే. ఒక్కొక్కటీ ఏ ఊళ్ళో ఏ ఆటలో వచ్చిందో అడిగితే చెబుతాడు, నవ్వుతూనే చెబుతాడు.

ఇవాళ టేపు లాగుతుంటే ఎడమచెయ్యి బరువుగా ఉంది. భుజం దగ్గర మొదలై మోచేతి దాకా ఏదో లాగేస్తోంది. దవడ కూడా సలుపుతోంది. దవడ సంగతి తెలిసిందే, ఆ వెనక దంతం పీకించాలి. చెయ్యి మాత్రం తను చేసుకున్నదే. మొన్న మనీలాలో ప్రాక్టీసు అయ్యాక, ఒళ్ళు సెగలు కక్కుతుండగానే కొళాయి కింద తలపెట్టాడు, చేతులు కడిగాడు. ఒళ్ళు వేడి మీద ఉన్నప్పుడు చన్నీళ్ళు తగిలితే చలి నరాల్లోకి దూరి అక్కడే గడ్డకడుతుంది. దాన్నే పాస్మా అంటాం. మా దగ్గర చంటిపిల్లను అడిగినా చెబుతుంది. చాకిరీ చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతి, పద్నాలుగేళ్ళు ఒళ్ళు అమ్ముకుని బతికినవాడికి తెలియదా! తెలిసీ పెట్టాడు తల. ఆరోజు ఎండ అలాంటిది.

పక్క మంచం మీద పలోమార్ దుప్పటిలోంచి ఒక కన్ను తెరిచాడు. జట్టులో డెలియో పక్క కుర్చీ అతనిది, మూడేళ్ళ నించీ.

"ఎక్కడికన్నా తెల్లారకుండానే టేపులు? కూర్చోడానిక్కూడా చీలమండలు బెణుకుతాయా?"

"కూర్చుని కూర్చుని లేచేటప్పుడే బెణుకుతాయిరా," అన్నాడు డెలియో.

లాడ్జి కిందనే భోజనాల గది. వెల్లుల్లి వేసి వేపిన అన్నం, ఎండుచేప, గుడ్డు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. ఊరు శాన్ హోసే, అంతీకే ప్రాంతం, డెలియో పుట్టిన పల్లెకు ఇక్కడి నించి జీపులో ముప్పావుగంట. ఈ మూలకు లీగు రావడం ఇదే మొదటిసారి. ఇక్కడ పెద్ద హాలు కట్టి రెండేళ్ళయింది, ఇప్పటికి లీగు వాళ్ళకు తీరింది.

కోచ్ అర్రియెటా కాఫీ కప్పుతోనే లేచి నిలబడ్డాడు. గొంతు ఎప్పుడూ రాసుకుపోయి ఉంటుంది ఆయనకు.

"ఇవాళ గెలిచినా మనం ఇంటికే, ఓడినా ఇంటికే. టోర్నీలో మన పని అయిపోయింది. కాబట్టి పరువుగా ఆడి పోదాం. మొదటి ఐదుగురి పేర్లు వినండి."

నాలుగు పేర్లు రోజూ ఉండేవే. ఐదోది చదివేటప్పుడు ఆయన కాగితం కూడా చూడలేదు.

"సుమందే."

 డెలియోకు వినపడింది గానీ అర్థం కాలేదు. నోట్లో అన్నం ముద్ద అలాగే ఉంది.

"ఏ సుమందే కోచ్?" అన్నాడు పలోమార్.

"ఈ జట్టులో ఎంతమంది సుమందేలున్నార్రా?"

"ఆడే సుమందే ఎవడూ లేడు కోచ్. కూర్చునే సుమందే అయితే ఒకడున్నాడు."

అందరూ గొల్లుమన్నారు. కోచ్ కూడా నవ్వాడు. ఆట ఏ ప్రాంతంలో జరిగితే ఆ ప్రాంతపు బిడ్డను ఆట మొదలుపెట్టే మొదటి ఐదుగురిలో దింపడం మా లీగులో ఆనవాయితీ. ఎంత చివరివాడైనా సరే, ఆ ఒక్కరోజు మైకులో వాడి పేరు చదవాల్సిందే, వాడు పరిగెత్తుకుంటూ రావాల్సిందే. డెలియో ఎందరి ఊళ్ళకో వెళ్ళి, ఎందరి కోసమో లేచి చప్పట్లు కొట్టాడు. సెబూ వాళ్ళకు కొట్టాడు, దవావ్ వాళ్ళకు కొట్టాడు. తన ఊరికి లీగు వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. పద్నాలుగేళ్ళలో ఐదు కంపెనీల జెర్సీలు వేశాడు. నూడుల్స్ వాళ్ళది, పెట్రోలు వాళ్ళది, డబ్బా చేపల వాళ్ళది, ఫోన్ల వాళ్ళది, ఇప్పుడు రంగుల కంపెనీది. ఏ జెర్సీలోనూ, ఒక్కసారి కూడా, మొదటి ఐదుగురిలో లేడు. ఈ నెలాఖరుకి ఒప్పందం అయిపోతుంది. మళ్ళీ ఎవరూ పిలవరని అతనికీ తెలుసు, కంపెనీకీ తెలుసు.

"తిను, తిను," అన్నాడు కోచ్ వెళ్తూ, భుజం మీద తట్టి. "సాయంత్రం కళ్ళు తిరిగి పడిపోతే మీ ఊరివాళ్ళు నన్ను కొడతారు."

డెలియో నవ్వబోయాడు. పళ్ళెం పలోమార్ వైపు జరిపాడు.

జట్టులో అతని పని ఏమిటో చెప్పాలి కదా. అతని పని ఫౌళ్ళు కొట్టడం. ప్రతి జట్టూ ఒక అమెరికావాణ్ణి తెచ్చుకుంటుంది, మేం ఇంపోర్టు అంటాం. అవతలి ఇంపోర్టు రెచ్చిపోతున్నప్పుడు కోచ్ బెంచీ చివరికి చూసి "డెలియో!" అంటాడు. అనడమే ఆలస్యం, డెలియో లేచి నిలబడి పైచొక్కా విప్పేసి ఉంటాడు. వెళ్ళి ఆ పర్వతాన్ని పట్టుకుంటాడు, గుద్దుకుంటాడు, వేలాడతాడు. ఒక మనిషికి ఆరు ఫౌళ్ళు పడితే బయటికి పంపేస్తారు. ఆ ఆరూ ఐదు నిమిషాల్లో ఖర్చుపెట్టి వచ్చి కూర్చుంటాడు. అదీ ఉద్యోగం. ఇంతోటి దానికి ఏడాదంతా కొండలెక్కి పరుగులు, ఇసకలో దూకుళ్ళు, ఉప్పు లేని తిండి.

దేశంలో ఎవరికైనా అతని మొహం తెలుసంటే అది ఒక ఫొటో వల్ల. తొమ్మిదేళ్ళ కిందట ఒక ఇంపోర్టు అతని నెత్తి మీంచి ఎగిరి బంతిని రింగులో కుక్కాడు. కింద డెలియో, చేతులు పైకెత్తి, నోరు వంకర పోయి, కళ్ళు మూసుకుపోయి. ఆ బొమ్మ బనియన్ల మీద అచ్చేశారు, జీపుల వెనక అంటించారు. జనం ఆ బొమ్మ తెచ్చి సంతకం పెట్టమంటే, పెడతాడు. ఏ మాత్రం నొచ్చుకోడు.

"గడ్డం బాగా పడింది కదా," అంటాడు. "ఆరోజే గీసుకున్నా."

పది గంటలకు హాల్లో తేలికపాటి కసరత్తు. జట్టు డాక్టరమ్మ చేతిలో కాగితాలతో వరసగా అడుగుతూ వచ్చింది. మోకాలు ఎలా ఉంది, నడుం ఎలా ఉంది, నిద్ర పట్టిందా. ఎవరు నొప్పి అన్నా పేరు పక్కన గీత పెడుతుంది. గీత పడ్డవాడు ఆరోజు జెర్సీ వేయడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చూస్తూ కూర్చుంటాడు.

"సుమందే గారూ, మీకు?"

"ఏం లేదమ్మా. గుర్రంలా ఉన్నా."

"చెమటలు ఎక్కువగా పడుతున్నాయే?"

"ఇది మా ఊరమ్మా. ఇక్కడ ఇంతే ఉక్క."

ఆమె నవ్వి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయింది. డెలియో చెయ్యి వెనక్కి పెట్టుకుని పిడికిలి మూసి తెరిచాడు. వేళ్ళు మొద్దుబారినట్టున్నాయి. మనిషికి భయమేసింది, అబద్ధం ఎందుకు? కానీ ఆ భయం చెయ్యి గురించి కాదు. గీత గురించి. గీత పడితే ఐదో పేరు ఇంకొకడిది అవుతుంది.

ఆమె అటు తిరగ్గానే ఇస్కో బాబాయ్ దగ్గరికి వెళ్ళాడు. జట్టు మాలీషు మనిషి ఇస్కో. అరవై రెండేళ్ళు, పొట్టి, అరచేతులు మాత్రం రొట్టెలు చేసే పెనాలంత. వాళ్ళ నాన్న మంత్రసాని పనికి కూడా వెళ్ళిన హస్తవాసి గల మనిషట. డాక్టరమ్మ చదువు మీద ఇస్కోకి గౌరవమే గానీ నమ్మకం లేదు. ఆటగాళ్ళకూ అంతే.

"పడుకో," అన్నాడు ఇస్కో. కర్పూరం నూనె చేతుల్లో రుద్ది, మెడ దగ్గర మొదలుపెట్టి భుజం మీదుగా వెన్ను దాకా బొటనవేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాడు. రెక్క ఎముక కింద ఒకచోట ఆగాడు. "ఇదిగో దొరికింది. ఇక్కడుంది దొంగముండ. నీళ్ళల్లో ఎప్పుడు పెట్టావు చేతులు?"

"మొన్న."

"తల?"

"తల కూడా."

"బుద్ధుందా నీకు? పద్నాలుగేళ్ళొచ్చాయి లీగులో!" వీపు మీద ఒక్కటి చరిచాడు. "చలి గట్టిగా చేరింది. చెయ్యి లాగడం, దవడ సలపడం, చెమటలు, అన్నీ అదే. ఇవాళంతా చన్నీళ్ళు ముట్టుకోకు. చేతులు కడుక్కోకు. తాగేదీ వేడిగానే తాగు."

ఎంత సేపు నలిపాడో! పళ్ళ బిగువున పడుకున్నాడు డెలియో. మధ్యలో నొప్పి నిజంగానే కాస్త వెనక్కి తగ్గింది. ఇస్కో వేళ్ళ కింద వెచ్చబడి, ఒళ్ళు తేలికై, పసివాడిలా ఒక కునుకు కూడా తీశాడు. లేచేసరికి ఇస్కో గర్వంగా చేతులు తుడుచుకుంటున్నాడు.

"పోయిందా?"

"పోయింది బాబాయ్. బతికించావు."

మధ్యాహ్నం తల్లి వచ్చింది. పేరు నెనీటా, అరవై ఎనిమిదేళ్ళు. చర్చికి వేసుకునే పూల గౌను, జుట్టుకు కొబ్బరినూనె, చేతిలో మూట. డెలియో వంగి ఆమె చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. అంత కిందికి వంగడానికి ఒక నిమిషం పట్టింది. మూట విప్పితే కందిగింజలు, పనసకాయ, పందిమాంసం వేసి కాచిన పులుసు. ఆ వాసనకే ఏ అంతీకే వాడైనా పడి చస్తాడు.

ఆమె ఇప్పటిదాకా కొడుకు ఆట కళ్ళారా చూడలేదు. పడవెక్కితే వాంతులు, విమానమంటే దడ, మనీలా మొహం చూడలేదు. టీవీలో చూస్తుంది. కెమెరా బంతి వెంట పరిగెడుతుంది గానీ కూర్చున్నవాళ్ళ వెంట పరిగెట్టదు కదా. మర్నాడు ఫోన్ చేసి చెబుతుంది: "నిన్న నీ మోచెయ్యి కనిపించిందిరా. రెండుసార్లు." పక్కింటివాళ్ళు ఆ మోచెయ్యి నీ కొడుకుదేనని ఏం గ్యారంటీ అంటే, నవమాసాలు మోసినదాన్ని నాకు తెలీదా అని వాళ్ళ మీద పడుతుంది.

చిన్నప్పుడు పల్లెలో సిమెంటు చేసిన నేల అంటూ ఉన్నది ఒక్క బాస్కెట్‌బాల్ కోర్టే. కోతలప్పుడు ఊరంతా వడ్లు దాని మీదే ఆరబోసేవాళ్ళు. నెనీటా అందరికంటే ముందు వెళ్ళి సగం కోర్టు ఆక్రమించేది. రింగుకు ఎడమవైపు నాలుగు గజాల ఖాళీ మిగిలేది. డెలియో ఆ ఖాళీలోనే నిలబడి, రింగు వెనక పలక్కు కొట్టి బంతి వేయడం నేర్చుకున్నాడు. గురి తప్పితే బంతి వడ్లలో పడేది, చీపురు పుచ్చుకుని తల్లి వెంటపడేది. గురి కుదిరింది ఆ చీపురు వల్లనేనని అతని నమ్మకం.

"మొహం ఏంట్రా అలా పాలిపోయింది?" అంది నెనీటా.

"చలి చేరిందమ్మా. ఇస్కో బాబాయ్ నలిపాడు."

"తల మీద నీళ్ళు పోసుకున్నావా పని అయ్యాక?"

అతను గిన్నె వైపు వంగి పులుసు వాసన చూశాడు.

"పోసుకున్నావు! నాకు తెలుసు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను చిన్నప్పట్నించీ. ఇవాళ ఆడకు. ఆడకపోతే ఏం, ఎప్పుడూ ఆడేదేమన్నా ఉందా? నా పక్కన కూర్చుని చూడు."

"అమ్మా," అన్నాడు డెలియో. "మొదటి ఐదుగురిలో నా పేరుంది."

నెనీటా చేతిలో గరిటె ఆగిపోయింది. కొడుకు మొహంలోకి చూసింది. వేళాకోళమేమో అని చూసింది. కాదని తెలిశాక పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయింది.

"మొదటి ఐదుగురిలోనా?"

"ఊఁ."

"పేరు చదువుతారా? మైకులో?"

"చదువుతారు."

ఆమె గరిటె పక్కన పెట్టింది. కొడుకు ఎడమచెయ్యి ఒళ్ళోకి లాక్కుని, మోచేతి నించి భుజం దాకా, భుజం నించి మోచేతి దాకా రుద్దడం మొదలుపెట్టింది. "చలేరా ఇది, చలే. వేడి పుడితే పోతుంది," అంటూ రుద్దింది. పులుసు చల్లారిపోయింది. అతను నాలుగు చెంచాలు తిన్నాడు, అదీ ఆమె కోసం.

సాయంత్రం నాలుగున్నరకల్లా హాలు కిక్కిరిసిపోయింది. చూడ్డానికి వచ్చిన మేం పైవరసలో నిలబడే చోటు కూడా లేక ఒకరి భుజాల మీంచి ఒకరం చూశాం. నెనీటాకు మాత్రం మూడో వరసలో కుర్చీ వేశారు, మేయరు గారి పెళ్ళాం పక్కన. దీపాలు ఆర్పి, ఒక్క దీపం వెలిగించి, మైకువాడు ఒక్కొక్క పేరూ చదివాడు. నాలుగు పేర్లకు ఏవో చప్పట్లు. ఐదోదానికి వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

"మన అంతీకే బిడ్డ... రొడెలియో... సుమందే!"

ఆ అరుపు ఎలా వర్ణించమంటారు? రేకులు అదిరాయి. నా పక్కనున్న ముసలాయన, ముక్కూ మొహం తెలియనివాడు, నన్ను కావిలించుకుని ఏడ్చేశాడు. డెలియో పరిగెత్తుకుంటూ వెలుగులోకి వచ్చి, ఎక్కడ ఆగాలో తెలియక దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. పద్నాలుగేళ్ళలో ఆ పరుగు అలవాటు లేదు పాపం. నవ్వుతున్నాడు, రెండు కట్టుడు పళ్ళూ కనిపించేట్టు. ఆ మొహం చూసి నేనైతే నోరు తెరిచి ఉండిపోయాను. ఇంత అందగాడా ఇతను!

బంతి ఎగరేశారు. మొదటిసారి చేతికొస్తే నిప్పు ముట్టుకున్నట్టు వెంటనే పక్కవాడికి ఇచ్చేశాడు. "వెయ్యి! వెయ్యి!" అని హాలంతా తిట్టింది. రెండోసారీ ఇచ్చేశాడు. మూడో నిమిషంలో బంతి రింగుకు ఎడమవైపు అతని చేతికి వచ్చింది. కాళ్ళు ఆ చోటును గుర్తుపట్టాయి కాబోలు, ఆలోచించకుండా లేచాడు. బంతి పలక్కు తగిలి వలలో పడింది. రెండు పాయింట్లు. ఆ రెండు పాయింట్లకు ఊరు ఊరంతా పిచ్చెత్తిపోయింది. మేయరు గారి పెళ్ళాం నెనీటా మెడ పట్టుకుని ఊపేస్తోంది.

తర్వాత మామూలు పని. అవతలి ఇంపోర్టును రెండుసార్లు పట్టుకున్నాడు, రెండుసార్లూ ఈల పడింది. చెయ్యి ఎత్తి ఒప్పుకున్నాడు. ఇంపోర్టు అతని వీపు నిమిరి ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. ఐదో నిమిషంలో డెలియో కోచ్ వైపు తిరిగి పిడికిలి చూపించాడు. అలసిపోయాను, తప్పించమని సైగ. కోచ్ కనుబొమలు ఎగరేశాడు. ఆటలోకి దించమని కళ్ళతో వేడుకునే మనిషే గానీ, తప్పించమని ఇతను అడగడం ఆయన ఎరగడు. ఊరివాళ్ళ ముందు ఉద్వేగం ఆగలేదేమో అనుకుని మార్చేశాడు. డెలియో బయటికి వస్తుంటే జనమంతా లేచి నిలబడ్డారు.

కోచ్ పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోలేదు. నడుచుకుంటూ నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

పలోమార్ మంచునీళ్ళ సీసా అందించాడు. డెలియో తల అడ్డంగా ఊపాడు. "వద్దురా. చలి." వెనక నిలబడ్డ ఇస్కో ఆ మాట విని, నా మాట విన్నావు బిడ్డా అన్నట్టు మురిసిపోయి, తన ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు కాగితం గ్లాసులోకి వంచి కుర్చీ కాలి పక్కన పెట్టాడు.

"అమ్మ చూసిందా?" అన్నాడు డెలియో.

"చూడకేం అన్నా? కుర్చీ ఎక్కి మరీ చూసింది. దింపడానికి ఇద్దరు పట్టుకున్నారు."

డెలియో తువ్వాలు తల మీదకు లాక్కున్నాడు. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగాడు.

"ఏడుస్తున్నావా అన్నా?" అన్నాడు పలోమార్. జవాబు లేదు. పలోమార్ ఎంత నోటి దురుసు మనిషైనా మనసున్నవాడే. కాసేపు అతన్ని అతనికి వదిలేయాలనుకుని మొహం ఆటవైపు తిప్పుకున్నాడు.

ఆటలో నాలుగు భాగాలు, రెండోది మొదలైంది. బంతి అటు పోతే తలలన్నీ అటు, ఇటు వస్తే ఇటు. మూడో వరసలో నెనీటా మాత్రం బంతిని చూడటం లేదు. చివరి కుర్చీనే చూస్తోంది. ఇవాళ కెమెరాతో పని లేదు కదా, మోచెయ్యి కాదు, మనిషంతా కనిపిస్తున్నాడు. ఒకసారి చెయ్యి ఊపింది. "తువ్వాలు కింద ఉన్నాడు, కనపడదులే," అంది పక్కావిడతో. "రెస్టు తీసుకుంటున్నాడు."

విరామానికి మూడు నిమిషాలుందనగా పైవరసల్లో ఎవరో మొదలుపెట్టారు. సు-మందే, సు-మందే. క్షణంలో హాలంతా అందుకుంది. నేనూ అరిచాను, గొంతు పోయేలా అరిచాను. కోచ్ నవ్వి, చేతులు పైకెత్తి, సరే మహాప్రభో అన్నట్టు బెంచీ చివరికి తిరిగాడు.

"డెలియో!"

ఎవరూ లేవలేదు.

కోచ్ నవ్వు అలాగే ఉండి, ఆ నవ్వులోంచి రంగు పోయింది. పిలిస్తే, పిలుపు పూర్తికాకముందే నిలబడే మనిషి. పద్నాలుగేళ్ళ పేరు అది. రెండోసారి పిలవలేదు ఆయన. పరిగెత్తాడు.

పలోమార్ తువ్వాలు లాగాడు. లాగినవాడు లాగినట్టే వెనక్కి పడ్డాడు.

ఆ తర్వాత నేను చూసినవి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. పైన ఇంకా సగం మంది సు-మందే అని అరుస్తూనే ఉన్నారు, వాళ్ళకు తెలియదు. డాక్టరమ్మ నేల మీద మోకాళ్ళు వేసి రెండు చేతులతో అతని ఛాతీ నొక్కుతోంది. అవతలి ఇంపోర్టు, ఆ ఏడడుగుల మనిషి, కోర్టు మధ్యలో చతికిలబడి మొహం కప్పుకున్నాడు. ఆమె నొక్కుతూనే అడిగింది: "ఎప్పట్నించి నొప్పి? ఎవరికన్నా చెప్పాడా?"

"పొద్దున్నించి," అన్నాడు ఇస్కో. "చెయ్యి లాగుతోందన్నాడు. దవడ... చలి చేరిందమ్మా, నేను చూశాను, నా వేళ్ళకు దొరికింది..."

"ఏ చెయ్యి?"

"ఎడమది."

ఆమె ఇస్కో వంక ఒక్కసారి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అది గుండె బాబాయ్," అంది.

ఇస్కో తన రెండు అరచేతులూ మొహం ముందు పెట్టుకుని చూసుకుంటూ నిలబడిపోయాడు. ఆ చేతులే కాదు, ఆ హాల్లో ఏ చేతులైనా అదే పని చేసి ఉండేవి. మా అమ్మ చేసేది, నేను చేసేవాణ్ణి. ఆ మాట తట్టేసరికి నా ఒళ్ళు జలదరించింది. ఇప్పటికీ జలదరిస్తుంది.

నెనీటా ఎలా కిందికి దిగిందో, ఎవరు దారిచ్చారో తెలియదు. వచ్చి కొడుకు పక్కన కూలబడింది. ఏడవలేదు. ఎడమచెయ్యి ఒళ్ళోకి తీసుకుని మోచేతి నించి భుజం దాకా, భుజం నించి మోచేతి దాకా రుద్దసాగింది.

"చల్లగా ఉన్నాడు," అంది డాక్టరమ్మతో. "చలే కదా. నువ్వా పక్క రుద్దమ్మా. వేడి పుడితే లేస్తాడు."

డాక్టరమ్మ నొక్కడం ఆపలేదు. చాలాసేపటికి ఆపింది. ఆపి, అవతలి పక్కకు జరిగి, కుడిచెయ్యి తీసుకుంది. ఆ పిల్ల, అంత చదువు చదివిన పిల్ల, ఏడుస్తూ రుద్దింది.

స్ట్రెచరు పొట్టిదైంది. టేపు చుట్టిన పాదాలు రెండూ బయటికి వేలాడుతుంటే పలోమార్ వాటిని రెండు చేతులతో పట్టుకుని అంబులెన్సు దాకా నడిచాడు. మైకువాడు ఏదో చెప్పబోయి మైకు పక్కన పెట్టేశాడు. ఆట అయిపోయిందని ఎవరూ ప్రకటించలేదు. అయినా అందరికీ తెలిసింది. జనం వెళ్ళమంటే వెళ్ళలేదు. అన్ని వేలమంది అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

చాలాసేపయ్యాక హాలు పనివాళ్ళు వచ్చారు. ఒక చివర నించి కుర్చీలు మడిచి గోడకు చేర్చుకుంటూ వచ్చి, ఆఖరిదాని దగ్గర ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, దాన్ని ముట్టుకోకుండా వెనక్కి వెళ్ళిపోయారు. దాని కాలి పక్కన ఇస్కో పోసిన నీళ్ళ గ్లాసు, అంచుదాకా నిండుగా, చల్లారిపోయి ఉంది.